మృదులాస్థి నమూనాలో వోల్టేజి గుర్తు తిరగబడుతోంది: పొరపాటు ఎక్కడ?

మోకాలు_మోడల్ | సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. కీళ్ల మృదులాస్థి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను.

ప్రయోగం ఇది. దూడ మోకాలి నుంచి తీసిన మృదులాస్థి బిళ్ల, మందం 1 మి.మీ. పక్కలకు ఉబ్బే వీలు లేకుండా గట్టి గుండ్రటి గదిలో బిగించి, సన్నని రంధ్రాలున్న పలకతో పైనుంచి నొక్కుతాను. నీరు పైకి తప్ప మరో దారిలో పోలేదు. 1000 సెకన్లలో మందంలో పదో వంతు నొక్కి అక్కడే ఆపేస్తాను. పైన ఒక ఎలక్ట్రోడ్, అడుగున ఒక ఎలక్ట్రోడ్. బలం, వోల్టేజి రెండూ నమోదవుతాయి.

దీని కంప్యూటర్ నమూనాను ఫెబియో అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టాను. ఘన భాగం, నీరు, సోడియం, క్లోరైడ్ అన్నీ ఉన్నాయి. గట్టిదనం 0.5 మెగాపాస్కల్, నీటి పారగమ్యత ఎస్ఐ ప్రమాణాల్లో 10⁻¹⁵, కణజాలంలో నీరు 80 శాతం, స్థిర ఆవేశం లీటరుకు 0.15 మోల్, బయటి ఉప్పునీరు కూడా 0.15 మోల్.

బలం వక్రరేఖ ప్రయోగం మీద చక్కగా కూర్చుంది. వోల్టేజి మాత్రం తలకిందులు. ప్రయోగంలో నొక్కుతున్నంతసేపూ అడుగుతో పోలిస్తే పైభాగం ప్లస్. నమూనాలో పైభాగం మైనస్. తీగలు తారుమారయ్యాయేమోనని రెండుసార్లు విప్పి చూశాను. సమీకరణాల్లో గుర్తులు కాగితం మీద మళ్లీ రాసుకుని చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

కొత్తపాఠకురాలు | మంగళవారం, ఉదయం 6:15

నేను ఈ రంగం మనిషిని కాను. మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగాయని చెప్పారు కాబట్టి మోకాలు అన్న మాట కనబడితే చదువుతాను. అసలు మృదులాస్థిలో కరెంటు ఎందుకుంటుంది? అందులో నరాలే లేవని విన్నాను.

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 7:50

అమ్మా, మంచి ప్రశ్న అడిగారు. మీరు విన్నది నిజమే. అందులో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. ఆ కరెంటు నరాలది కాదు, ఉప్పుది.

ఇంట్లో మేక కాళ్లు వండినప్పుడు కీలు దగ్గర ఎముక చివర నీలి ఛాయతో, తడి గాజులా మెరిసే తెల్లటి పొర కనబడుతుంది. వేలితో రాస్తే జారిపోతుంది, గోరుతో నొక్కితే లోపలికి దిగి మెల్లగా పైకి వస్తుంది. అదే మృదులాస్థి. బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది కొల్లాజెన్ వల, ఆ వలలో చిక్కుకున్న అగ్రెకాన్ అనే పెద్ద అణువులు. అగ్రెకాన్ ఒంటి నిండా సల్ఫేట్, కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి. వాటి మీద మైనస్ ఆవేశం. అణువు వలలో ఇరుక్కుని ఉంది కాబట్టి ఆ ఆవేశమూ కదలదు. అందుకే దాన్ని స్థిర ఆవేశం అంటారు.

దాన్ని సమం చేయడానికి చుట్టూ ఉన్న ద్రవం నుంచి సోడియం ఎక్కువగా లోపలికి వస్తుంది, క్లోరైడ్ తక్కువగా వస్తుంది. 1911లో డొనాన్ చెప్పిన సమతౌల్యం ఇది. లెక్క ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు. లోపలి సోడియం, క్లోరైడ్‌ల లబ్ధం బయటి ఉప్పు గాఢత వర్గానికి సమానం. వాటి తేడా స్థిర ఆవేశానికి సమానం. 0.15, 0.15 వేస్తే లోపల సోడియం 0.243, క్లోరైడ్ 0.093 వస్తాయి. బయటికంటే లోపల మొత్తం అయాన్లు ఎక్కువ కాబట్టి నీరు లోపలికి తోసుకొస్తుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర ఆ పీడనం దాదాపు 0.09 మెగాపాస్కల్, అంటే ఇంచుమించు ఒక వాతావరణ పీడనం. వోల్టేజి చూస్తే లోపలి భాగం బయటికంటే 13 మిల్లీవోల్టులు కింద ఉంటుంది.

ఇప్పుడు స్థిర ఆవేశాన్ని సగానికి తగ్గించి అదే లెక్క చేయండి. వోల్టేజి 6.6కు, అంటే సగానికి వస్తుంది. పీడనం 0.024కు, అంటే దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కీళ్లు అరిగే జబ్బులో ముందుగా పోయేవాటిలో ఈ అగ్రెకాన్ ఒకటి. నొప్పి ఉన్న మోకాలికీ ఈ లెక్కలకూ ఉన్న బంధం అక్కడే ఉంది. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నేను కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

తుంగభద్ర | మంగళవారం, ఉదయం 10:05

మోకాలు_మోడల్ గారూ, మెష్, అంటే నమూనాను ఎలిమెంట్లనే చిన్న గళ్లుగా విడగొట్టే వల, ఎంత సన్నగా వేశారు? కణజాలాన్ని నొక్కినప్పుడు నీరు మొత్తం మందంలో ఒకేలా కదలదు. పైభాగం దగ్గర పలచని పొరలోనే కదలిక మొదలవుతుంది. మీ అంకెలతో మొత్తం బిళ్ల సర్దుకోవడానికి పట్టే కాలం 2000 సెకన్ల స్థాయిలో ఉంటుంది. మీరు 1000 సెకన్లలో నొక్కుతున్నారు కాబట్టి పర్వాలేదు. కానీ రేపు సెకనుకు ఒకసారి చొప్పున నొక్కి వదిలే ప్రయోగం చేస్తే ఆ పొర 13 మైక్రోమీటర్లే ఉంటుంది. 50 మైక్రోమీటర్ల ఎలిమెంట్లు వేస్తే వోల్టేజి పుట్టే చోటు మొత్తం ఒక్క ఎలిమెంటులో దాక్కుంటుంది.

మరో సంగతి. కొందరు ఆవేశాల నుంచి వోల్టేజిని లెక్కగట్టే పాయిసాన్ సమీకరణాన్ని కణజాలం మొత్తానికి నేరుగా వేసి, లెక్క చేసే ప్రోగ్రాం కుప్పకూలిందని వాపోతుంటారు. ఈ ఉప్పు గాఢతలో ఆవేశాల తేడా కనిపించే దూరం 0.8 నానోమీటర్లు. 1 మి.మీ. బిళ్లలో దాన్ని పట్టుకోవాలనుకోవడం వృథా. ప్రతి బిందువు దగ్గరా ప్లస్, మైనస్ సరిసమానం అన్న షరతు చాలు. ఫెబియో చేసేది అదే.

మోకాలు_మోడల్ | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మాస్టారూ, తుంగభద్ర గారూ, కృతజ్ఞతలు. పైభాగంలో ఎలిమెంట్లను 5 మైక్రోమీటర్లకు తగ్గించి మళ్లీ నడిపాను. వక్రరేఖ నునుపుగా వచ్చింది. గుర్తు మాత్రం మారలేదు. నొక్కడం పూర్తయ్యేసరికి నమూనాలో పైభాగం 1.2 మిల్లీవోల్టులు మైనస్. ప్రయోగంలో 0.8 ప్లస్.

శిలాజం | మంగళవారం, మధ్యాహ్నం 3:10

కొల్లాజెన్‌లో పీజో విద్యుత్తు, అంటే నొక్కితే పదార్థంలోనే పుట్టే విద్యుత్తు, ఉంటుంది కదా. జపాన్‌లో ఫుకాడా, యసుడా ఎముకలో దాన్ని 1957లోనే చూపించారు. మీ నమూనాలో అది లేదు. తేడా అక్కడి నుంచి వస్తోందేమో?

లెక్కలమాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:25

శిలాజం గారూ, వాళ్లు చూసింది ఎండిన ఎముకలో. తడి మృదులాస్థిలో పరిస్థితి వేరు. చుట్టూ ఉప్పునీరు ఉన్నప్పుడు కొల్లాజెన్ మీద పుట్టే ఆవేశాన్ని అయాన్లు వెంటనే కప్పేస్తాయి. 1970లలోనే ఈ చర్చ నడిచింది. ఎంఐటీలో గ్రాడ్జిన్‌స్కీ బృందం చేసిన పనితో, తడి మృదులాస్థిలో కొలిచే వోల్టేజికి నీటి ప్రవాహమే ప్రధాన మూలమని తేలింది. దానికి ఒక అందమైన పరీక్ష ఉంది. ద్రవం పీహెచ్‌ను 3 కంటే బాగా కిందికి తెస్తే కార్బాక్సిల్ సమూహాలు మైనస్ కోల్పోతాయి, కణజాలం నికరంగా ప్లస్‌గా మారుతుంది. అప్పుడు నొక్కితే వోల్టేజి గుర్తు తిరగబడుతుంది. మూలం స్థిర ఆవేశమే అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సమస్య. మోకాలు_మోడల్ గారూ, మీ నమూనాలో ఒకదానికొకటి ఎదురు నిలిచే రెండు వోల్టేజిలు ఉన్నాయి. ఒకటి ప్రవాహం వల్ల వచ్చేది. పైకి పోయే నీరు సోడియాన్ని ఎక్కువగా వెంట తీసుకుపోతుంది కాబట్టి పైభాగం ప్లస్ కావాలి. రెండోది వ్యాపనం వల్ల, అంటే అయాన్లు చిక్కటి చోటు నుంచి పలచటి చోటికి జరగడం వల్ల వచ్చేది. పైభాగం ఎక్కువగా నలుగుతుంది, అక్కడ నీరు తగ్గి స్థిర ఆవేశం చిక్కబడుతుంది. చిక్కబడిన చోట డొనాన్ వోల్టేజి మరింత కిందికి పోతుంది కాబట్టి పైభాగం మైనస్ కావాలి.

మీ అంకెలతో చేతిలెక్క వేశాను. నొక్కడం ముగిసేసరికి పైభాగం 17 శాతం, అడుగు 7 శాతం నలుగుతాయి. గట్టిదనం 0.5 కాబట్టి పీడనం తేడా 0.05 మెగాపాస్కల్. అయాన్ల చలనం నుంచి లెక్కగడితే విద్యుత్ వాహకత మీటరుకు 1 సీమెన్స్‌కు కాస్త తక్కువ. అక్కడి నుంచి ప్రవాహ వోల్టేజి దాదాపు 0.7 మిల్లీవోల్టులు ప్లస్. వ్యాపనం వైపు పైన మైనస్ 16, అడుగున మైనస్ 14, అంటే 2 మిల్లీవోల్టులు మైనస్. నికరం మైనస్ 1.3. మీకు 1.2 వచ్చింది. కాబట్టి మీ నమూనాలో పొరపాటు లేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఘనం, నీరు, అయాన్లు అనే మూడు దశల సిద్ధాంతాన్ని 1991లో రాసిన లై, మౌ తమ సహచరులతో కలిసి 2000లో ఇదే మాట చెప్పారు: మెత్తటి కణజాలంలో వ్యాపనం గెలుస్తుంది, గట్టి కణజాలంలో ప్రవాహం గెలుస్తుంది. మీ బిళ్ల నిజంగా 0.5 కంటే గట్టిదేమో చూడండి.

మోకాలు_మోడల్ | మంగళవారం, రాత్రి 9:00

మాస్టారూ, మీ లెక్క చూసి నిజంగా ఊపిరి వచ్చింది. మూడు వారాల్లో ఎవరూ ఇంత విడమర్చి చెప్పలేదు. కానీ గట్టిదనం పెంచితే గుర్తు మారాలంటే 1.3 మెగాపాస్కల్ దాటాలి. అప్పుడు బలం వక్రరేఖ పూర్తిగా తప్పిపోతోంది. అంటే నమూనా సరే, ప్రయోగం సరే, రెండూ కలవవు. ఇప్పుడు ఏం చేయాలి?

ఎముకల_వైద్యుడు | బుధవారం, ఉదయం 8:20

ఆసక్తిగా చదువుతున్నాను. వైద్యం వైపు నుంచి ఒక మాట. ఎక్స్‌రేలో మృదులాస్థి కనబడదు. రెండు ఎముకల మధ్య సందు తగ్గిందని చూసేసరికే చాలా నష్టం జరిగి ఉంటుంది. అందుకే స్థిర ఆవేశాన్ని కొలవడం మాకు ముఖ్యం. ఎంఆర్ఐలో మైనస్ ఆవేశం ఉన్న గాడోలినియం మందు ఎక్కిస్తే, ఆవేశం పోయిన చోటికే అది ఎక్కువగా చేరుతుంది. సోడియాన్ని నేరుగా చూసే ఎంఆర్ఐ కూడా ఉంది. కెనడాలో మాంట్రియల్ పరిశోధకులు కీలు లోపలికి దూర్చి మృదులాస్థిని తాకించే పరికరం చేశారు. గుండ్రటి మొన మీద 37 సూక్ష్మ ఎలక్ట్రోడ్లు ఉంటాయి, తాకిన క్షణంలో పుట్టే ప్రవాహ వోల్టేజిని చదువుతాయి. మీరు తేల్చే ఈ గుర్తు గొడవ అలాంటి పరికరం చదివే అంకెకు అర్థం ఏమిటన్న ప్రశ్నే.

కొత్తపాఠకురాలు | బుధవారం, ఉదయం 9:05

డాక్టర్ గారూ, మరి మోకాలికి కరెంటు బెల్టు కడితే మృదులాస్థి మళ్లీ పెరుగుతుందని అమ్ముతున్నారు. అమ్మకు కొనమంటారా?

ఎముకల_వైద్యుడు | బుధవారం, మధ్యాహ్నం 1:15

అమ్మా, తొందరపడి కొనకండి. అమెరికాలో బ్రైటన్ బృందం ప్రయోగశాలలో పెంచిన మృదులాస్థి కణాలకు 60 కిలోహెర్ట్జ్ దగ్గర, సెంటీమీటరుకు 20 మిల్లీవోల్టుల క్షేత్రం ఇచ్చి, అగ్రెకాన్, రెండో రకం కొల్లాజెన్ తయారీ పెరిగిందని చూపించింది. అది పాత్రలోని కణాల సంగతి. బెల్టు కట్టిన మోకాలిలో చర్మం, కొవ్వు, కండ, ఎముక దాటి ఆ మృదులాస్థి దగ్గరికి ఎంత క్షేత్రం చేరుతుందో అమ్మేవాళ్లు చెప్పరు. జర్మనీలో రోస్టాక్ విశ్వవిద్యాలయంలో 2017లో విద్యుత్ ఇంప్లాంట్ల మీద పెద్ద పరిశోధన మొదలైంది. అక్కడ కంప్యూటర్ నమూనాలతో వెతికిన వాటిలో ఈ ప్రశ్న కూడా ఉంది. అమ్మకు తొడ కండరాలు బలపడే వ్యాయామం, బరువు అదుపు ఇప్పటికి నమ్మదగిన దారులు. దగ్గరలోని ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించండి.

తుంగభద్ర | బుధవారం, మధ్యాహ్నం 2:40

డాక్టర్ గారి మాటకు ఒక చేర్పు. అలాంటి నమూనాలు కట్టేవాళ్లు ఎక్కువగా వాడే కణజాల పట్టికల్లో తక్కువ పౌనఃపున్యం దగ్గర మృదులాస్థి వాహకత మీటరుకు 0.17 సీమెన్స్ చుట్టూ ఉంటుంది. మాస్టారు అయాన్ల నుంచి కట్టిన అంకె దానికి ఐదు రెట్లు. ఏది పెట్టారన్నదాన్ని బట్టి మృదులాస్థిలో క్షేత్రం ఎంతో మారిపోతుంది. ఇలాంటి పేపరు చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఆ ఒక్క అంకెనే.

విద్యుద్రసాయనం | బుధవారం, రాత్రి 10:30

ఆలస్యంగా చూశాను. మోకాలు_మోడల్ గారూ, ఒక్క ప్రశ్న. మీ ఎలక్ట్రోడ్లు వేటితో చేశారు?

మోకాలు_మోడల్ | బుధవారం, రాత్రి 10:50

వెండి తీగ. బట్టలకు వాడే బ్లీచులో అరగంట ముంచితే మెరుపు పోయి ముదురు బూడిద రంగుకు తిరుగుతుంది. తర్వాత కడిగి, రెండు తీగలనూ ఒకే ఉప్పునీటిలో రాత్రంతా ఉంచుతాను. తెల్లారి వాటి మధ్య తేడా 0.1 మిల్లీవోల్టు లోపు ఉంటేనే వాడతాను. అడుగు తీగ నేరుగా బిళ్లకు ఆనుకుని ఉంటుంది.

విద్యుద్రసాయనం | బుధవారం, రాత్రి 11:35

మీ జవాబు ఆ ముదురు రంగు పూతలోనే ఉంది. అది వెండి క్లోరైడ్. అలాంటి తీగ విద్యుత్ పొటెన్షియల్‌ను మాత్రమే చదవదు, తన చుట్టూ క్లోరైడ్ ఎంత ఉందో కూడా కలిపి చదువుతుంది. రెండూ కలిస్తే అది క్లోరైడ్ అయాన్ విద్యుద్రసాయన పొటెన్షియల్.

ఏమీ నొక్కకుండా ఉన్న బిళ్లనే ఊహించండి. ఒక తీగ బిళ్లలో, మరొకటి బయటి ఉప్పునీటిలో. లోపల 13 మిల్లీవోల్టులు తక్కువ ఉందని మాస్టారు లెక్క చెప్పారు. కానీ మీ మీటరు సున్నా చూపిస్తుంది. క్లోరైడ్ లోపల 0.093కు తగ్గడం వల్ల తీగ పొటెన్షియల్ సరిగ్గా అంతే పైకి జరుగుతుంది. సమతౌల్యం అంటే అదే: క్లోరైడ్‌కు లోపలా బయటా ఒకటే. అదే బిళ్లలోకి చిక్కటి పొటాషియం క్లోరైడ్ నింపిన సన్నని గాజు పిపెట్ గుచ్చి చూస్తే ఆ 13 కనబడుతుంది. తీగ అబద్ధం చెప్పడం లేదు, వేరే ప్రశ్నకు జవాబు చెబుతోంది.

నొక్కినప్పుడూ ఇదే జరుగుతుంది. మాస్టారు చెప్పిన రెండు వోల్టేజిల్లో వ్యాపనం వాటాను మీ తీగలు దాదాపు మింగేస్తాయి. మిగిలేది ప్రవాహం వాటా. అందుకే ప్రయోగంలో పైభాగం ప్లస్. మీరు నమూనా నుంచి తీసినది విద్యుత్ పొటెన్షియల్. రెండు వేర్వేరు రాశులను ఒకే గ్రాఫు మీద పెట్టారు.

కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. ఫెబియో ప్రతి నోడ్ (ఎలిమెంట్లు కలిసే బిందువు) దగ్గర క్లోరైడ్‌కు సమర్థ గాఢత అని ఒకటి లెక్కగడుతుంది. స్థిర ఆవేశం ప్రభావాన్ని తీసేశాక మిగిలే గాఢత అది. దాన్ని 0.15తో భాగించి, సహజ సంవర్గమానం తీసి, మైనస్ 26.7తో హెచ్చించండి. మీ తీగ చదివే మిల్లీవోల్టులు వస్తాయి. మీ ప్రయోగం గది ఉష్ణోగ్రతలో అయితే 26.7 బదులు 25.3 దగ్గర వేయండి. సమర్థ గాఢత అడుగున 0.154 దగ్గర ఉండాలని నా అంచనా. ఇంత చిన్న తేడా కాబట్టి ఎవరి కంటా పడదు.

మోకాలు_మోడల్ | గురువారం, ఉదయం 5:45

నిద్ర పట్టలేదు, ఇప్పుడే తీసి చూశాను. అడుగున 0.1537. పైన 0.1500. అంటే పైభాగం 0.65 మిల్లీవోల్టులు ప్లస్! ప్రయోగంలో 0.8. ఒక్క అంకె కూడా మార్చలేదు, బలం వక్రరేఖ అలాగే ఉంది.

ఆ ఫైలు మూడు వారాలుగా నా కంప్యూటర్‌లోనే ఉంది. ఆ నిలువు వరుసలో అన్నీ 0.15 దగ్గరే కనబడుతుంటే అందులో చూడడానికి ఏమీ లేదనుకున్నాను. విద్యుద్రసాయనం గారూ, మాస్టారూ, తుంగభద్ర గారూ, మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

లెక్కలమాస్టారు | గురువారం, ఉదయం 7:10

చాలా సంతోషం. విద్యుద్రసాయనం గారూ, నేను పొటెన్షియల్ దగ్గరే ఆగిపోయాను, మీరు దాన్ని తీగ దాకా తీసుకెళ్లారు. నేనూ నేర్చుకున్నాను.

ఇక ఆ 0.65కూ 0.8కీ మధ్య తేడా. మీరు స్థిర ఆవేశాన్ని మందమంతా ఒకేలా పెట్టారు. నిజమైన మృదులాస్థిలో అది కీలు ఉపరితలం దగ్గర తక్కువ, లోతుకు పోయేకొద్దీ ఎక్కువ. గట్టిదనమూ అలాగే లోతుతో పెరుగుతుంది. మీ బిళ్లల్లో కీలు ఉపరితలం ఏ వైపుంది? రంధ్రాల పలక వైపా, అడుగు వైపా?

మోకాలు_మోడల్ | గురువారం, ఉదయం 7:40

ఉపరితలం పైకి ఉండేలా పెట్టాలనే అనుకున్నాను మాస్టారూ. కానీ కోసిన తర్వాత రెండు వైపులూ ఒకేలా నున్నగా ఉంటాయి. 14 బిళ్లల్లో 5 విషయంలో నేను ఖచ్చితంగా చెప్పలేను. ఆ ఐదింటినీ పక్కన పెట్టి మిగతా తొమ్మిదింటితోనే గ్రాఫు మళ్లీ గీస్తాను. రేపు కొత్త మోకాలు వస్తోంది. ఈసారి కోయకముందే ప్రతి బిళ్లకు ఉపరితలం అంచున చిన్న గాటు పెడతాను. లోతుతో మారే ఆవేశంతో నమూనా ఈ రాత్రికే నడుపుతాను, అంకెలు ఇక్కడే పెడతాను.